చెక్ చేసి ఇచ్చిన డబ్బాలు

మా కంపెనీని సెల్‌ఫోన్ చంపేసిందని మా పాత స్టాఫు ఎక్కడ కలిసినా చెప్పుకుంటుంటారు. పెళ్లి భోజనాల దగ్గర, ఆస్పత్రి వరండాల్లో, ఆఖరికి మా పాత మేనేజరుగారి దినం రోజు గారెలు తింటూ కూడా ఇదే మాట. ఫోన్ మీద నేరం మోపడంలో ఒక సుఖం ఉంది. అది ఎదురు చెప్పదు. పైగా ఈ సంగతిని అదే ఫోన్లో పది మందికి పంపుకోవచ్చు. నేనూ కొన్నేళ్లు ఈ పాటే పాడాను. ఇప్పుడు పై అధికారి లేడు, నా పని మీద సీఆర్ రిపోర్టు రాసేవాడు లేడు, కాబట్టి నిజం చెప్పే ధైర్యం వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రాని ధైర్యం రిటైరయ్యాక అందరికీ వస్తుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్లు దాన్ని చూసి మోసపోకండి.

మాది టీవీకి తగిలించుకుని ఆడుకునే వీడియో గేమ్ డబ్బాల కంపెనీ. తయారీ అని బోర్డు మీద రాసుకున్నాం గానీ లోపలి సర్క్యూట్లు బయటినుంచే వచ్చేవి. పెట్టె మాది, స్టిక్కరు మాది, గొప్పలు మావి. నందిగామ దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్లు వాటిని బిగించి, ఆడించి చూసి, ప్యాక్ చేసేవాళ్లు. హెడ్డాఫీసు హైదరాబాదులో ఉండేది. నేను ఏరియా సేల్స్ ఆఫీసర్ని. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా నా ఏలుబడి. అంటే ఒక బ్యాగు, ఒక బైకు, షోరూముల ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగే హక్కు.

చేరిన కొత్తలో ఒక విషయం గమనించాను. మా వైపు సీలు వేసిన పెట్టె ఎవరూ కొనరు. బల్బు కొన్నా కొట్టువాడు హోల్డరులో పెట్టి వెలిగించి చూపించాలి. మిక్సీ కొంటే అందులో ఏమీ వెయ్యకుండా బర్రుమని తిప్పి చూపించాలి. "చెక్ చేసి ఇవ్వండి" అన్నది మా ప్రాంతంలో కొనేవాడి జన్మహక్కు. సీలు చూస్తే మావాళ్లకి నమ్మకం కలగదు, లోపల ఏదో దాస్తున్నారనిపిస్తుంది. అందుకని నేను నా షాపులన్నిటికీ ఒక అలవాటు నేర్పాను. డబ్బా రాగానే విప్పాలి, టీవీకి తగిలించాలి, ఒక ఆట ఆడించాలి, మళ్లీ మడత చెడకుండా సర్దాలి. కొనేవాడి ఎదురుగా మరోసారి అదే చేయాలి.

దీన్ని వేదంలా పట్టుకున్నవాడు జగ్గయ్యపేటలో మా డీలరు. తాతల నాటి నుంచి వ్యాపారం చేస్తున్న ఇల్లు. ఫ్యాన్లు, టీవీలు, కుక్కర్లతో పాటు మా డబ్బాలూ అమ్మేవాడు. ఊళ్లో అందరూ షావుకారుగారు అనేవాళ్లు. "నా కొట్లోంచి చెక్ చేయని పీసు బయటికి పోదు సారూ" అని కలిసినప్పుడల్లా అనేవాడు. నేను మీసం దువ్వుకునేవాణ్ణి.

తర్వాత రోజులు మారాయి. ఫోన్లలో నెట్టు చౌకయింది, ఆటలు ఊరికే వచ్చేశాయి. పసివాడికి అన్నం పెట్టాలన్నా తల్లి ఫోన్లో ఆట పెట్టి ఇచ్చే కాలం వచ్చింది. మా డబ్బాకి ముందే ఒక అంగవైకల్యం ఉంది, దానికి టీవీ కావాలి. సాయంత్రం ఆరు నుంచి టీవీ సీరియళ్లది, తర్వాత ఇంటాయన వార్తలది. ఇక మా ఆటకి మిగిలేది కరెంటు పోయిన టైమే. ఫోన్‌కి ఈ బాధ లేదు, దుప్పట్లో దూరి కూడా ఆడుకోవచ్చు. ఆ పైన డబ్బాలో పెట్టి ఆడే మా ఆటల క్యాసెట్లు ఒక్కరు కొంటే వీధంతా తిప్పుకునేవాళ్లు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో మా కారు రేసు క్యాసెట్ ఒకటి ఎన్ని ఇళ్లు తిరిగిందో, చివరికి అది ఎవరిదో ఎవరికీ గుర్తులేదు.

సరుకు కదలడం తగ్గేసరికి హెడ్డాఫీసులో చలనం వచ్చింది. ఎండీగారి అల్లుడు బెంగళూరు నుంచి దిగి డైరెక్టరయ్యాడు. మేమంతా ఆయన్ని చాటున అల్లుడుగారు అనేవాళ్లం, ఎదురుగా సార్ అనేవాళ్లం. మనిషి చెడ్డవాడేం కాదు. ఏ ఊళ్లోనూ ఏ షాపులోనూ ఏదీ స్వయంగా కొన్న అనుభవం లేదు, అంతే. అన్నీ ఇంటికే వచ్చేవి, అట్టపెట్టెల్లో, సీలుతో.

ఆయన ఒక కొత్త డబ్బా కనిపెట్టాడు. క్యాసెట్లు ఉండవు, ఆటలు నెట్లోంచి దిగుతాయి. మొదటిసారి ఆన్ చేయగానే అది పేరూ, ఫోన్ నంబరూ అడుగుతుంది. ఆ నంబరుకి ఓటీపీ వస్తుంది. అది కొడితే డబ్బా ఆ నంబరు మనిషికి శాశ్వతంగా అంకితం. తర్వాత ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది. ఇంకొకరికి ఇవ్వడం కుదరదు, పాతది అమ్మడం కుదరదు. వీధంతా తిప్పుకునే రోగం ఒక్క దెబ్బతో పోతుందని ఆయన లెక్క.

షెడ్డు సంగతి కూడా దీనికే ముడిపడింది. ఈ డబ్బా నిలబడితే నందిగామలో పని సాగుతుంది, లేకపోతే షెడ్డు మూసేసి బయటినుంచి రెడీమేడ్ డబ్బాలు తెప్పించి స్టిక్కరు వేసుకుంటామని సర్క్యులర్ పంపారు. నలభై మందీ ఆ కాగితాన్ని తెలుగులో చదివించుకున్నారు. వాళ్ల పైన సూపర్‌వైజర్‌గా చందర్లపాడు నుంచి వచ్చే ఒకావిడ ఉండేది. ఇంటర్ చదివింది, పదిహేనేళ్ల నుంచి చెకింగ్ బల్ల ఆమెదే. పీసు చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఏ మర వదులైందో చెప్పేది. ఆమెని ఏ మీటింగుకీ పిలిచేవాళ్లు కాదు, కుర్చీలు చాలవని.

కొత్త మోడల్ మొదటి లాటు బిగిస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను. ఆమె నన్ను చెకింగ్ బల్ల దగ్గరికి పిలిచింది.

"సార్, ఇది ఆడించి చూద్దామంటే నంబరు అడుగుతోంది. నంబరు కొడితే ఇక అది కొట్టినోళ్లదే. అందుకని మాకు ఈ చెకింగ్ కార్డు ఇచ్చారు. ఇది పెడితే నంబరు అడక్కుండా ఆట వస్తుంది, కార్డు తీసేస్తే మళ్లీ కొత్త పీసే."

"బానే ఉందిగా."

"మాకు బానే ఉంది సార్. మరి కొట్లవాళ్లు కూడా విప్పి చెక్ చేస్తారు కదా. వాళ్ల దగ్గర కార్డు లేదు. వాళ్లేం చేస్తారు, సొంత నంబరు కొట్టుకుంటారు. ఇక ఆ పీసు ఎవరికమ్ముతారు?"

ఆ కార్డు చేతిలోకి తీసుకున్నాను. వేలెడంత ప్లాస్టిక్ ముక్క. ఇరవై ఏళ్లుగా షాపులకి ఆ అలవాటు నేర్పిన పెద్దమనిషిని నేను. నాకు తట్టని సంగతి చెకింగ్ బల్ల దగ్గర ఆమెకి తట్టింది.

"కొట్టుకొక కార్డు పంపితే చాలు సార్. మేమే పెట్టెలో వేసి పంపిస్తాం. రేపు హైదరాబాదు మీటింగుకి మీరు వెళ్తున్నారంట కదా, ఒక్క మాట చెప్పండి. ఇదిగానీ తేడా వస్తే మా బతుకులు రోడ్డున పడతాయి."

"చెప్తాలేమ్మా. అదెంత పని" అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. నమ్మండి.

మీటింగులో అల్లుడుగారు తెర మీద బొమ్మలు వేసి రెండు గంటలు మాట్లాడాడు. ఎకోసిస్టమ్ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో నా పక్కన కూర్చున్న గుంటూరు ఏరియా ఆయన గీతలు గీసుకున్నాడు, కాగితం చాల్లేదు. ఒకసారి నంబరు పడ్డాక తీసే మార్గం కంపెనీ దగ్గర కూడా ఉండదనీ, లోపలి సర్క్యూట్ బోర్డు మార్చాల్సిందేననీ, అదే మన బలమనీ అన్నాడు. ఆఖర్న, "బాక్స్ సీల్డ్‌గా వెళ్తుంది, సీల్డ్‌గా కస్టమర్ ఇంటికి చేరుతుంది. ఎనీ డౌట్స్?" అని అడిగాడు. అడుగుతూనే ల్యాప్‌టాప్ మూత వేస్తున్నాడు.

నా చెయ్యి సగం లేచింది. సరిగ్గా అప్పుడే ఆయన నా వైపు చూసి నవ్వి, "సార్ సీనియర్ మోస్ట్. రిటైర్ అయ్యాక కూడా మనం సార్‌ని అడ్వైజర్‌గా ఉంచుకోవాలి" అన్నాడు. నాకు అప్పటికి ఎనిమిది నెలల సర్వీసు మిగిలి ఉంది. లేచిన చేతితో తల దువ్వుకున్నాను. "ఐడియా చాలా బాగుందండి" అన్నాను. తర్వాత భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. భోజనాల దగ్గర ఆయన ఫోన్లో ఉన్నాడు. సాయంత్రం మెయిల్ పెడదామనుకున్నాను. బస్సులో నిద్రపట్టింది. ఇలా ఒక్క మాట చెప్పకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో, ఆ కష్టం ఏ సరుకు అమ్మడానికీ పడలేదు.

మర్నాడు షెడ్డులో ఆమె అడిగింది. "చెప్పారా సార్?" అని.

"చూస్తామన్నారమ్మా" అన్నాను.

కార్డులు రాలేదు. లాటు వెళ్లిపోయింది.

ప్రారంభోత్సవం జగ్గయ్యపేటలో, షావుకారుగారి షోరూములో. బెలూన్లు, మైకు, రోడ్డు మీదకి షామియానా. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి పిల్లల్ని తీసుకుని తల్లిదండ్రులు వచ్చారు. అల్లుడుగారు హైదరాబాదు నుంచి కారులో బయల్దేరాడు. నేను పది గంటలకే చేరుకున్నాను. షావుకారుగారు ఇస్త్రీ చొక్కాలో, పసుపు కుంకుమ బొట్లు పెట్టిన పెట్టెల మధ్య పెళ్లికూతురు తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"సారూ, మీరేం కంగారుపడమాకండి. నిన్న లారీ దిగిన దగ్గర్నించీ నేనూ మా ఆవిడా కూర్చుని అరవై పీసులూ చెక్ చేసేసాం. ఒక్కటంటే ఒక్కటి ఫాల్టు లేదు. ఆవిడ నంబర్లు చదివింది, నేను కొట్టా."

"ఏం నంబర్లండీ?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఓటీపీలండీ. ఎవరి పేరు, ఎవరి నంబరని అడిగింది, నాదే ఇచ్చా. మధ్యలో పరాయివాళ్ల నంబరు ఎందుకులే అని. నందిగామలో మా తోడల్లుడి కొట్లో కూడా ఎట్టా చెయ్యాలో ఫోన్లో చెప్పా. అక్కడా అన్నీ ఓకే."

బొట్టు పెట్టిన పెట్టె మీదే కూర్చోబోయాను. ఆయన కుర్చీ వేయించాడు. లోపల్నుంచి ఆయన భార్య మజ్జిగ పంపింది. ఆవిడకి చదివి చదివి గొంతు బొంగురుపోయిందట, కానీ ముఖంలో ఎంత తృప్తో. ఆ మొగుడూ పెళ్లాలు అంత శ్రద్ధగా చేయకపోయినా, కాస్త బద్ధకించి సగం వదిలేసినా, ముప్పై డబ్బాలైనా బతికేవి. మనవాళ్లు పని చేస్తే చెడగొట్టడం కూడా పూర్తిగా చేస్తారు.

ఇంతలో అల్లుడుగారి కారు వచ్చింది. రిబ్బను కత్తిరించాడు. మైకులో ఎకోసిస్టమ్ అన్నాడు, జనం చప్పట్లు కొట్టారు. మొదట కొనడానికి వచ్చినాయన కోదాడ వైపు మనిషి, సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఎనిమిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. అలవాటు ప్రకారం చెక్ చేసి ఇమ్మన్నాడు. షావుకారుగారు హుషారుగా డబ్బా తీసి టీవీకి తగిలించాడు. తెర మీద పూలు పడ్డాయి. స్వాగతం అని వచ్చింది, కింద షావుకారుగారి పేరు, ఇంటిపేరుతో సహా. ఆయన చొక్కా జేబులో ఫోన్ టింగుమంది.

"గిదేంది? మీ పేరొస్తున్నది" అన్నాడు ఫిట్టరు.

"పేరుదేముందండీ. ఇదిగో ఓటీపీ, కొట్టెయ్యండి. మీరు ఎప్పుడాడుకోవాలన్నా నాకు ఫోన్ చేయండి, నంబరు చెప్పేస్తా. ఆదివారం కూడా తెరిచే ఉంటాం."

"మా పిల్ల ఆడుకోవాలంటే మీ పర్మిషన్ తీసుకోవాల్నా?"

రెండో డబ్బా తీశారు, షావుకారుగారి పేరే. ఐదోది తీశారు, ఆయనే. అరవై డబ్బాలూ ఒక్క మనిషికే స్వాగతం పలుకుతున్నాయి, ఆయనకేమో వీడియో గేము ఆడటం రాదు. ఆ పిల్ల అప్పటికే తండ్రి ఫోను తీసుకుని మెట్ల మీద కూర్చుంది. జనం షామియానా కింద నుంచి ఒక్కొక్కరే జారుకున్నారు, పంచిన లడ్డూలు మాత్రం తీసుకునే వెళ్లారు.

"హూ ఓపెన్డ్ ద బాక్సెస్?" అన్నాడు అల్లుడుగారు.

"చెక్ చెయ్యకుండా ఎట్టా ఇస్తామండీ?" అన్నాడు షావుకారుగారు, ఆయనకి అప్పటికీ తప్పేం జరిగిందో తెలియదు. "ఈ సారే కదండీ మాకు నేర్పింది. ఇరవై ఏళ్ల నించి ఇదే పద్ధతి. ఈ సార్ లాంటోళ్లు మీ కంపెనీకి ఉండటం మీ అదృష్టమండీ."

జీవితంలో నాకు దక్కిన సర్టిఫికెట్లలో అది గొప్పది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

అల్లుడుగారు నన్ను కారెక్కమన్నాడు. నందిగామ దాకా ఏసీలో ప్రయాణం. చిల్లకల్లు దాటాం. తర్వాత అడిగాడు.

"ఇన్ని షాపులు తిరుగుతారు. ఈ పాయింట్ ముందుగా ఎవరూ రైజ్ చెయ్యలేదా?"

చూశారా, తలుపు మళ్లీ తెరుచుకుంది. సూపర్‌వైజర్ చెప్పిందండి, నేనే మీకు చెప్పలేదు అంటే సరిపోయేది. ఆయన తిట్టేవాడు. అడ్వైజరు పోస్టు పోయేది. కానీ షెడ్డులో ఒక బుర్ర ఉందని కంపెనీకి తెలిసేది. కొట్టుకొక కార్డు పంపి, ఆ బోర్డులు మార్చి, మళ్లీ ఒకసారి ప్రయత్నించేవాళ్లేమో.

"లేదండి" అన్నాను.

అక్కడితో నోరు మూసుకున్నా కొంత మర్యాదగా ఉండేది. ఆ మనిషి ఇంకా నా వైపే చూస్తున్నాడు. భయంలో నోరు దానంతటదే నడుస్తుంది. "అసలు ఫ్యాక్టరీలో చెకింగ్ వాళ్లు పట్టుకోవాల్సిందండి. వాళ్ల చేతుల మీదుగానే కదండీ పోయేది" అన్నాను.

ఆయన ముఖం వికసించింది. "ఎగ్జాక్ట్‌లీ" అన్నాడు. మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టు పట్టుకున్నాడు. ఆయనకీ ఇంట్లో మామగారున్నారు.

నెల తిరక్కుండా షెడ్డు గేటుకు కాగితం అంటించారు. నాణ్యతా పరీక్షలో తీవ్ర లోపం కారణంగా అని మొదలైంది. పదిహేనేళ్లలో ఒక్క వదులు మర బయటికి పోనివ్వని ఆమె ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివిందని వాచ్‌మన్ చెప్పాడు. నేను ఆ రోజు వేరే ఊళ్లో క్యాంపులో ఉన్నాను. కావాలనే వేయించుకున్న క్యాంపు. ఆడవాళ్లలో కొందరు మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయారు, కొందరు ఇళ్లలో మిషన్ కుట్టుకున్నారు.

రిటైరయ్యాక నాకు అడ్వైజరు పోస్టు ఇచ్చారు. మాట నిలబెట్టుకోవడంలో అల్లుడుగారిని తప్పు పట్టలేం. బయటినుంచి వచ్చిన రెడీమేడ్ డబ్బాలు ఎలా అమ్మాలో సలహా చెప్పడం నా పని. నేను సలహాలు చెప్పాను, డబ్బాలు గోడౌన్లో ఉన్నాయి. ఏడాదిలోపు కంపెనీ కూడా పోయింది. ఆఖరి రోజు స్పీచుల్లో అందరం ఫోన్‌ని తిట్టుకుని, ఫోన్లలో గ్రూప్ ఫోటో దిగాం.

ఆ తర్వాత కొన్నాళ్లకి చందర్లపాడులో మా బంధువుల గృహప్రవేశానికని నందిగామలో బస్సెక్కాను. కాలు పెట్టడానికి సందు లేదు. మోకాళ్ల నొప్పి. కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే ఎవరో "సార్" అన్నారు. కిటికీ పక్క సీట్లో ఆమె. జుట్టు కాస్త నెరిసింది. నందిగామలో ఏదో కాలేజీ ల్యాబులో అటెండరుగా చేస్తోందట, రోజూ ఇదే బస్సట. మాట్లాడుతూనే లేచి నిలబడింది.

"కూర్చోండి సార్."

"వద్దమ్మా, నువ్వు కూర్చో. పొద్దున్నించీ నిలబడే పని నీది."

"కూర్చోండి. మీరు నిలబడితే నాకు బాగోదు." పక్క సీటామె వైపు తిరిగింది. "ఈ సారేనే. నేను చెప్తుంటానే, మన షెడ్డు గురించి హైదరాబాదు పోయి మాట్లాడింది ఈ సారొక్కరే అని." ఆ పక్కనామె కూడా షెడ్డు మనిషేనని అప్పుడు గుర్తుపట్టాను. ఆమె నాకు దణ్ణం పెట్టింది.

"కార్డుల సంగతి మీరు చెప్పినా ఆళ్లు వినలా కదా సార్? అప్పుడు మావాళ్లు కొందరు మిమ్మల్ని కూడా అనుమానించారు. సార్ అట్టాంటోరు కాదు, ఆ అల్లుడుగారే మా మీదకి తోసేసి ఉంటాడని నేనే నలభై మందికీ నచ్చజెప్పా."

బస్సు కదిలింది. ఇద్దరూ నా ముఖంలోకి చూస్తున్నారు. నాకు పై అధికారి లేడు, పోయే పోస్టు లేదు, భయపడాల్సింది ఏదీ లేదు.

"చెప్పానమ్మా" అన్నాను. "వాళ్లే వినలా."

"నాకు తెలుసు సార్" అంది. పై కమ్మీ పట్టుకుని నా పక్కన నిలబడింది. చందర్లపాడు వచ్చేదాకా నేను ఆ సీట్లోనే కూర్చున్నాను.